ఫిల్ముల గదిలో ముగ్గురక్కలు

ఆ గది పేరెత్తితే ఆసుపత్రిలో లిఫ్టు కూడా ఒక్క క్షణం ఆలోచించి గానీ కిందికి దిగేది కాదట.

కాస్త ముందుకు జరగండి బాబూ... వెనకున్న అమ్మలకు వినబడుతోందా? సరే. ఇది నేను కళ్ళారా చూసింది కాదు. విన్నది. కానీ చెప్పినావిడ అబద్ధమాడే మనిషి కాదు. పైవాడున్నాడు, ఒక మాట ఎక్కువ చెప్పను, ఒక మాట తక్కువా చెప్పను.

ఆసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే చోటు దాటి, ఆక్సిజన్ సిలిండర్లు దాటి, నడవ చివర ఉంటుంది ఆ గది. ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములన్నీ అక్కడే దాచేవారు. వాటికి కాపలా ఒక ముసలాయన. అందరూ ఫిల్ముల తాత అనేవారు.

ఆ తాతకు ఒక పట్టుదల. ఎవరొచ్చి ఫిల్ము అడిగినా వెంటనే ఇచ్చేవాడు కాదు. కవరులోంచి తీసి, దీపానికి ఎత్తి పట్టి, పైనుంచి కిందిదాకా చూసి, "ఇది కుడి... ఇది ఎడమ..." అని వేలు పెట్టి చెప్పుకుని, అప్పుడిచ్చేవాడు.

"అక్కడ ప్రాణం పోతోందయ్యా!" అని పెద్ద డాక్టర్లు గంతులేసినా సరే...

"బొమ్మ చూడకుండా ఇస్తే నా ప్రాణం పోతుంది" అనేవాడు. "కూర్చోండి."

చివరికి ఒకరోజు ఆ స్టూలు మీదే, ఫిల్ము దీపానికి ఎత్తి పట్టుకునే... పోయాడు. మధ్యాహ్నం దాకా ఎవరికీ అనుమానం రాలేదు. తాత ఎప్పుడూ అంతేగా, ఆలస్యం చేస్తాడు అనుకుని బయట వరసలో నిలబడే ఉన్నారట.

తర్వాత కాలం మారింది. ఫిల్ములు పోయాయి. ఆ గదిలోకి సర్వర్లు వచ్చాయి. మూడు. ఒక ఎత్తైన ఇనప చట్రంలో ఒకదాని మీద ఒకటి. నర్సులు వాటికి పేర్లు పెట్టారు... పైనుంచి పెద్దక్క, నడిపక్క, చిన్నక్క.

పెద్ద చదువుల సంగతి కాదు, వినండి. ఆసుపత్రిలో తీసిన ప్రతి స్కాన్ బొమ్మా ముగ్గురక్కల దగ్గరా ఒక్కో కాపీ ఉంటుంది. ఒకరు పోయినా మిగతా ఇద్దరి దగ్గర బొమ్మ భద్రం. ముగ్గురూ క్షణక్షణం ఒకరినొకరు పలకరించుకుంటూ ఉంటారు. "ఉన్నావా?" "ఉన్నా." "నువ్వున్నావా?" "ఉన్నానే తల్లీ." ఎవరైనా పలక్కపోతే, మిగతా ఇద్దరూ ఓటేసుకుని, అది చచ్చిందని తేల్చేస్తారు. బొమ్మలో ఏది మార్చాలన్నా, చెరపాలన్నా కూడా ఓటే. ముగ్గుర్నే ఎందుకు పెట్టారంటే, ఇద్దరైతే చెరోమాట అంటారు, తగువు తేలదు. ముగ్గురైతే ఎప్పుడూ ఒకవైపు మొగ్గుతుంది. సమానం అనే మాటే రాదు. ఈ ముక్క ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అడుగుతాను.

మరి గదికి చెడ్డపేరు ఎందుకొచ్చింది?

చిన్నక్క రాత్రిపూట చచ్చిపోయేది.

పొద్దుపోయాక, ఆసుపత్రి సద్దుమణిగాక, ఉన్నట్టుండి పలకడం మానేసేది. పైన ఆఫీసులో ఎర్ర అక్షరాలు పడేవి... చిన్నక్క పోయింది. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, మళ్ళీ లేచి "ఉన్నా" అనేది. ఏమైందే అని యంత్రాన్నే అడిగితే, "నాకేమైంది? నేను నిక్షేపంగా ఉన్నా. వాళ్ళిద్దరే పోయారు" అనేది.

ఇంతకు ముందు వీటిని చూసుకున్న మొదటి మనిషి అత్తగారింటికి సెలవు పెట్టి వెళ్ళి ఇంతవరకూ రాలేదు. రెండో మనిషి, రాత్రంతా మోగే హెచ్చరికల గోల పడలేక, అసలు ఓటింగే తీసి పారేశాడు... ఎవరికి వాళ్ళు ఏం రాసుకుంటారో రాసుకోండర్రా అని! ఆ తర్వాత ఉద్యోగం మానేసి కోళ్ళ ఫారం పెట్టాడు. "కోళ్ళు రాత్రి పడుకుంటాయి, పొద్దున లేస్తాయి. మధ్యలో చచ్చి బతకవు" అంటాడట.

ఆ తర్వాత వచ్చింది డిస్కులమ్మ.

నడివయసు మనిషి. సర్వర్లలో బొమ్మలు దాచే డిస్కుల పని తప్ప వేరే లోకం లేదు కాబట్టి ఆ పేరు. దేవుడికి దణ్ణం పెట్టుకునేది గానీ దెయ్యానికి భయపడేది కాదు. "ఈ సర్వర్లను నడిపే లినక్స్‌లో దెయ్యాలుండవు, తప్పు టైపు చేసినవాళ్ళుంటారు" అనేది. వచ్చి కొద్ది రోజులే అయింది. చిన్నక్క సంగతి పైన ఆఫీసులో కూర్చునే చూస్తోంది. ఎందుకంటే ఈ పనివాళ్ళకు యంత్రం పక్కగదిలో ఉన్నా సరే, లేచి వెళ్ళి చూడ్డం నామోషీ. అన్నీ తెర మీదే చూడాలి.

అలాంటి మనిషి ఆ రాత్రి కిందికి ఎందుకు దిగింది?

మొగుడి కోసం.

ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. కిడ్నీలో రాయి. నొప్పి లేదు, బాధ లేదు, గుట్టుగా పెరిగి దారి మూసేసింది. పొద్దున్నే ఆపరేషను. మూడో అంతస్తులో, ఆసుపత్రి వాళ్ళిచ్చిన తెల్లటి గౌనులో, సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా లేకుండా పడుకుని ఉన్నాడు.

రాత్రి నర్సు ఆయన స్కాన్ తెరవబోయింది. తెరుచుకోలేదు. ఒక కాపీలో "ఎడమ కిడ్నీ" అని ఉందట. ఇంకో కాపీలో "కుడి కిడ్నీ" అని ఉందట. ఏది నిజమో తేల్చుకోలేక సర్వర్లు బొమ్మ చూపించడమే మానేశాయి.

సర్జన్ గారికి ఫోను చేశారు. ఆయన మెల్లగా మాట్లాడే మనిషి. "మొదట చూసినప్పుడు ఎడమ అనే గుర్తు. కానీ గుర్తు మీద కత్తి పెట్టను" అన్నాడు. "తెల్లారేలోపు ఏ వైపో తేలితే చేస్తాను. లేదంటే ఆపేద్దాం. రేపు సాయంత్రం నేను ఊరెళుతున్నాను, తిరిగొచ్చేదాకా ఆ కిడ్నీ ఆగుతుందని మాటివ్వలేను."

మళ్ళీ స్కాన్ తీద్దామంటే మిషను నిన్ననే విప్పదీశారు, భాగాలు నేల మీద పరిచి ఉన్నాయి. తీసిన టెక్నీషియన్ ఆ సందున సెలవు పెట్టి ఫోను కట్టేశాడు. ఇంకో సర్జన్ లేడు.

డిస్కులమ్మ లాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచింది.

"ఏమోయ్, ఎక్కడికి?" అన్నాడు మాస్టారు.

"కిందికి. మీ బొమ్మ వెతకడానికి."

"ఆ గదికా? ఇంత రాత్రా?"

"మరి మీ కిడ్నీ పైకి రమ్మంటే వస్తుందా?"

"బ్యాగులో బిస్కెట్లున్నాయి కదూ... అది ఇక్కడ వదిలి వెళ్ళు."

"డాక్టరుగారు ఏమీ తినొద్దన్నారు."

"తింటానన్నానా? పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని."

బ్యాగు కూడా భుజాన వేసుకునే దిగింది ఆవిడ.

గదిలో చలి... ఆ యంత్రాలకు చల్లదనం కావాలి కదా, ఎముకలు కొరికే చలి. తెల్లటి శాలువా తల మీదుగా కప్పుకుంది. జడ ఊడిపోయింది, ముడేసుకునే తీరిక లేదు. చట్రం ముందు నేల మీద కూర్చుని లాప్‌టాప్ తగిలించింది. చట్రం వెనక సన్నటి సందు, అటువైపు ఆపరేషన్ థియేటర్ మెట్లకు ఒక చిన్న తలుపు. ఆ తలుపు సంగతి ఆవిడ పట్టించుకోలేదు.

గదిలో లైటు కూడా చిత్రమైంది. మనిషి కదిలితే వెలుగుతుంది. కదలకపోతే, ఎవరూ లేరనుకుని తనే ఆరిపోతుంది. మన డిస్కులమ్మ పనిలో పడితే వేళ్ళు తప్ప ఏమీ కదలవు... కాసేపటికి టప్పున ఆరింది.

చీకటి. తెర నీలం వెలుగు ఆవిడ ముఖానికి కిందనుంచి కొడుతోంది.

ఆవిడ ముందుగా చేసిన పని, ఆ కోళ్ళ ఫారం మనిషి తీసేసిన ఓటింగును మళ్ళీ పెట్టడం. తర్వాత ముగ్గురక్కల దగ్గరా ఉన్న కాపీలను విడివిడిగా బయటికి తీసింది.

పెద్దక్క... ఎడమ.

నడిపక్క... ఎడమ.

చిన్నక్క... కుడి.

ఎలా జరిగిందో ఆవిడకు వెంటనే అర్థమైంది. చిన్నక్క "చచ్చిపోయి" ఉన్న ఒక రాత్రి, పైవార్డులో ఎవరో ఈ ఫైల్లో మంచం నంబరు మార్చారు. అది అక్కలిద్దరి దగ్గరా రాసుకుంది. అదే సమయంలో స్కాన్ గదిలో ఎవరో ఇంకేదో మార్చారు. ఆ గది చిన్నక్కకు తగిలించి ఉంది కాబట్టి, అది చిన్నక్క దగ్గర మాత్రమే రాసుకుంది. ఓటింగు లేదు, ఆపేవాళ్ళు లేరు. ఇప్పుడు అక్కలు చెల్లెల్ని తప్పంటున్నారు, చెల్లెలు అక్కల్ని తప్పంటోంది.

ఏది ఆఖరున రాశారో చూద్దామంటే చిన్నక్క గడియారం మీద నమ్మకం లేదు. అటూ ఇటూ తెగుతూ ఉండి ఎప్పుడో వెనకబడిపోయింది.

మిగిలింది ఒక్కటే దారి. ఇద్దరు చెప్పిన మాట ఉంచి, ఒక్కత్తి చెప్పింది చెరిపేయడం.

పుస్తకాల్లో అదే రాసి ఉంది. ఇంకెవరి ఫైలైనా అయితే కళ్ళు మూసుకుని చేసేసేది. ఇది మొగుడి కిడ్నీ. వేలు మీట మీద ఉంది... నొక్కబుద్ధి కాలేదు.

అప్పుడే తెర మీద ఎర్ర అక్షరం పడింది.

చిన్నక్క పోయింది.

వెనకనుంచి... ఆ సందులోంచి... ఎవరో నిట్టూర్చారు.

డిస్కులమ్మ మెడ తిప్పలేదు. ఫ్యాన్ల శబ్దం అనుకుంది. ఫ్యాన్లు నిట్టూర్చవని తెలుసు. అయినా అనుకుంది.

"కాపాడు తండ్రీ..." సన్నగా, తడారిపోయిన గొంతు. "ఎడమే కదా... ఎడమే కదా నేను చూసింది..."

అమ్మా, ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకోండి! లినక్స్‌లో దెయ్యాల్లేవన్న మనిషి.  దేవుడి పేరు తలుచుకుందామంటే, తెలిసిన దేవుళ్ళందరూ ఒకేసారి గుర్తొచ్చి ఒక్కరి పేరూ బయటికి రాలేదట.

అయినా బుర్ర పని చేస్తూనే ఉంది. ఇద్దరక్కలూ ఎడమ అంటున్నారు. ఇదిగో, దెయ్యం కూడా ఎడమే అంటోంది. ఇంకేం కావాలి?

తెర మీద అక్షరాలు మారాయి. చిన్నక్క మళ్ళీ లేచింది. "ఉన్నా."

ఇదే అదను అనుకుని డిస్కులమ్మ కమాండ్ కొట్టింది... చిన్నక్క కాపీ చెరిపేయి.

ఒక్క క్షణం. జవాబు వచ్చింది.

"ఓట్లు సమానం. కుదరదు."

"నా ఖర్మ... తప్పు కొట్టినట్టున్నాను" అని గొణుక్కుని మళ్ళీ కొట్టబోయింది.

కిర్ర్...

నడవలోంచి. కిర్ర్... కిర్ర్... ఏదో ఇనప వస్తువు ఈడ్చుకొస్తున్నట్టు. గది తలుపు మెల్లగా తెరుచుకుంది. గుమ్మంలో తెల్లగా ఒక ఆకారం. పొడుగ్గా, పక్కన ఒక సన్నటి ఇనప స్తంభం పట్టుకుని.

అది మన మాస్టారండీ! సెలైన్ స్టాండు దొర్లించుకుంటూ, బిస్కెట్ల బ్యాగు కోసం మూడంతస్తులు దిగొచ్చాడు. ఆకలి అలాంటిది.

కానీ ఆయనకు కనబడింది ఏమిటి? చీకటి గదిలో, నేల మీద, తెల్లటి ముసుగు, విరబోసిన జుట్టు, కిందనుంచి నీలంగా వెలుగుతున్న ముఖం... దాని నోరు తెరుచుకుని ఉంది.

గదిలో కదలిక పడేసరికి లైటు వెలగాలా వద్దా అని మినుకుమంది, మళ్ళీ ఆరింది.

"అయ్య బాబోయ్!" అని మాస్టారు స్టాండుతో సహా పక్కకు దూకి, కనబడ్డ దారిన చట్రం వెనక సందులో దూరాడు. అక్కడ మెత్తగా, వెచ్చగా, గౌను తొడుక్కున్నది ఏదో తగిలింది. అది కూడా కేక పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా వాటేసుకున్నారు. ఆ పరిస్థితిలో కౌగిట్లో ఉన్నది మనిషో దెయ్యమో ఎవరు చూస్తారు? వెచ్చగా ఉంటే చాలు.

"మీరు... మీరు మనుషులేనా?"

"నేను సర్జన్ని. మీరు?"

"నేను పేషెంటుని."

"అక్కడ... ఆ ముందర ఉన్నది?"

"అది మనిషి కాదండీ. నేను చూశాను. కచ్చితంగా చచ్చినదే."

"నాకూ అలాగే కనబడింది" అన్నాడు సర్జన్, అటు చూడకుండానే.

ఈ గుసగుసలన్నీ చట్రం ఇవతల డిస్కులమ్మకు వినబడుతున్నాయి. భయం ఎగిరిపోయింది. దాని చోట కోపం వచ్చి కూర్చుంది. లేచి చట్రం చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. లైటు భగ్గున వెలిగింది.

"ఏమండీ! నేను చచ్చానా?"

మాస్టారు ఒక కన్ను తెరిచాడు. "నువ్వా? కాదోయ్... మేమిద్దరం అనుకున్నాం..."

"మీరిద్దరూ అనుకుంటే నేను చచ్చినట్టేనా? ఇద్దరు ఒకటే మాట మీద ఉంటే మూడోది శవమా? నేను ఇక్కడ ప్రాణాలతో, బుర్రతో, మీ కిడ్నీ పట్టుకుని..."

ఆగిపోయింది.

నోరు అలాగే తెరిచి, చట్రంలో అడుగున మినుకుమంటున్న చిన్నక్క వైపు చూసింది. ఇద్దరు ఒకటే మాట మీద ఉంటే మూడోది శవమా...

"డాక్టరుగారూ" అంది మెల్లగా, "మీరు ఇక్కడేం చేస్తున్నారు?"

సర్జన్ గారు గౌను సర్దుకున్నాడు. సిగ్గు. "ఆపరేషనుకు ముందు రాత్రి నాకు నిద్ర పట్టదమ్మా. పేషెంటు కోసం దేవుణ్ణి వేడుకుంటాను. మా గదిలో ఫోన్లు, జనం. ఇక్కడ చల్లగా, చీకటిగా, గుడ్డి దీపాల్లా ఈ లైట్లు... ఎవరూ రారు. ఈ అట్టపెట్టె మీద కూర్చుని, ఇలా వెనక్కి ఆనుకుని..."

ఆనుకుని చూపించాడు. వీపు చట్రానికి తగిలింది.

చిన్నక్క పచ్చదీపం ఆరిపోయింది.

"ముందుకు వంగండి" అంది డిస్కులమ్మ.

వంగాడు. దీపం వెలిగింది.

"వెనక్కి."

ఆరింది.

"ముందుకు."

"ఎందుకమ్మా ఈ కసరత్తు..."

ఆవిడ వంగి, చిన్నక్క వెనక కేబుల్ పట్టుకుని చూసింది. కొస దగ్గర పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. ముట్టుకుంటే ఊడుతుంది, వదిలితే అతుక్కుంటుంది. అంతే! ఒకడు సెలవు పెట్టి తిరిగే రాలేదు, ఒకడు కోళ్ళు పెంచుకుంటున్నాడు. ఒక్కడంటే ఒక్కడు లేచొచ్చి చట్రం వెనక చూడలేదు. పాపం ఆ మహానుభావుడు రోగులు బతకాలని దణ్ణం పెట్టుకున్న ప్రతిసారీ, వాళ్ళ బొమ్మలు పాడవుతున్నాయి! దేవుడు ఎంత నవ్వుకుని ఉంటాడో చెప్పండి.

కానీ డిస్కులమ్మ నవ్వలేదు. తెల్లారడానికి ఎంతోసేపు లేదు.

"చిన్నక్కకు ఏ రోగమూ లేదు" అంది. "తనను వెలేశారు, అంతే. అలాంటప్పుడు తన మాటా నిజం కావచ్చు. తెరుస్తాను."

"ఏం తెరుస్తావు?" అన్నాడు మాస్టారు.

"బొమ్మ."

"ఇంతసేపూ తెరవలేదా?!"

ఆవిడకు చెవులు వేడెక్కాయి. నిజమే. కిందికి వచ్చినప్పటి నుంచి ఫైలు పేరు చూసింది, పరిమాణం చూసింది, ఎవరెప్పుడు రాశారో చూసింది, పైన "ఎడమ, కుడి" అని ఉన్న ముక్క చదివింది. లోపల ఏముందో చూడాలని తోచనే లేదు. డిస్కులవాళ్ళకు అది అలవాటు లేదు. బియ్యం బస్తాలు మోసేవాడు అన్నం ఉడికిందా అని చూస్తాడా?

మొదట పెద్దక్క బొమ్మ తెరిచింది. పక్కనే చిన్నక్క బొమ్మ.

రెండూ ఒకటే. అదే వెన్నెముక, అవే పక్కటెముకలు, అదే రాయి; లివరు ఎటుందో తెలిసేంత స్పష్టంగా మాత్రం రెండూ లేవు. ఒకటి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది, అంతే తేడా. ఎవరో మొదట తిప్పి ఎక్కించారు, తర్వాత సరిదిద్దారు. లేదా మొదట సరిగ్గా ఎక్కించి, తర్వాత పాడుచేశారు.

"రాయి పక్కనే ఈ తెల్లటి గీత ఏమిటి?" అన్నాడు సర్జన్, కళ్ళద్దాలు పైకి నెట్టి.

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అది... పక్కటెముకకు వేసిన స్టీలు ముక్కండీ" అన్నాడు మాస్టారు. "పెళ్ళయిన కొత్తలో ఈవిడకు స్కూటరు నేర్పాను."

"నేర్పలేదు. ఎదురుగా నిలబడి బ్రేకు, బ్రేకు అని అరిచారు."

"బ్రేకు వేయాల్సింది పోయి నా మీదికి ఎక్కించింది."

"ఏ వైపు?" అన్నాడు సర్జన్.

"ఎడమ" అంది ఆవిడ.

"కుడి" అన్నాడు ఆయన.

"ఎడమేనండీ. నేను ఎడమకే తిప్పాను."

"నీ ఎడమ నాకు కుడి కాదుటోయ్? ఇన్నేళ్ళుగా ఇదే గోల డాక్టరుగారూ, తప్పు ఒప్పుకోదు!"

"మీరు పక్కకు జరక్కపోవడం తప్పు కాదా?"

సర్జన్ గారు చేయెత్తి ఇద్దర్నీ ఆపాడు. "మాస్టారూ, గౌను ఎత్తండి."

ఎత్తాడు. ముగ్గురూ వంగారు. లాప్‌టాప్ వెలుగు పట్టారు.

మచ్చ కుడివైపు ఉంది. పాతది, తెల్లబడినది, స్కూటరు హాండిలు అంత పొడుగు.

స్టీలు కుడివైపు ఉంటే, దాని పక్కనున్న రాయీ కుడివైపే. చిన్నక్క చెప్పిందే నిజం.

 సర్జన్ గారి పెదాలు కదిలాయి. ఇంతసేపూ ఎడమ ఎడమ అని వేడుకున్నాడు కదా... ఆ వేడుకోలును వెనక్కి తీసుకుంటున్నాడో, లేక వినకుండా ఉన్నందుకు పైవాడికి దణ్ణం పెట్టుకుంటున్నాడో! జేబులోంచి పెన్ను తీసి, మాస్టారి కుడివైపు చర్మం మీద పెద్దగా సున్నా చుట్టాడు.

"ఒప్పుకో ఇక" అన్నాడు మాస్టారు.

"ఒప్పుకుంటున్నాను. కుడే." ఆవిడ ఆయన గౌను కిందికి దించింది. "ఎంత మంచి పనయింది నేను గుద్దడం."

"అదిగో, మళ్ళీ నాదే తప్పన్నట్టు! పోనీ ఒక్క బిస్కెట్టు..."

"వద్దు!" అన్నారు మిగతా ఇద్దరూ. రెండు ఓట్లు. తీర్మానం నెగ్గింది.

దేవుడి దయ, పొద్దున ఆపరేషను చల్లగా జరిగింది. రాయిని చిన్న సీసాలో పెట్టి ఇచ్చారు. మత్తు వదలగానే మాస్టారు అడిగిన మొదటి మాట ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడితో లేచి వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు. మంచి కథ, మంచి నిద్ర పడుతుంది.

...ఎవరూ లేవడం లేదా? సరే అయితే.

మొగుడు కళ్ళు తెరిచాక, డిస్కులమ్మ కొత్త కేబుల్ ఒకటి తీసుకుని మళ్ళీ కిందికి దిగింది. పట్టపగలు. దుప్పట్లు ఉతికేవాళ్ళ కబుర్లు వినబడుతున్నాయి. భయమేముంది? విరిగిన కేబుల్ తీసి కొత్తది తగిలించింది. నాలుక క్లిక్కుమని పట్టుకుంది. సర్జన్ గారి అట్టపెట్టె తీసుకెళ్ళి మెట్ల కింద పెట్టి, "ఇక్కడ వేడుకోండి" అని కాగితం అంటించింది.

తర్వాత చట్రం ముందు కూర్చుని, రాత్రి జరిగిందంతా ఒకసారి తెర మీద తిరగేసింది. అలవాటు.

చిన్నక్క పోయింది. చిన్నక్క లేచింది. చిన్నక్క కాపీ చెరిపేయి.

"ఓట్లు సమానం. కుదరదు."

తాను తప్పు కొట్టలేదు. కమాండ్ అక్షరం అక్షరం సరిగ్గానే ఉంది. రాత్రి ఈ జవాబు రాకపోయి ఉంటే, చిన్నక్క దగ్గరున్న నిజం అప్పుడే చెరిగిపోయేది. తెల్లారాక ముగ్గురూ ఒకటే గొంతుతో ఎడమ అనేవారు. ఏ గొడవా లేకుండా బొమ్మ తెరుచుకునేది. అనుమానించేవాళ్ళు ఎవరు?

ఆవిడ తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

ముందే అడుగుతానన్నాను కదా... ముగ్గురుంటే ఓట్లు సమానం అవుతాయా అమ్మా?

లెక్క తెరిచింది.

చెరిపేయమన్నది, పెద్దక్క. చెరిపేయమన్నది, నడిపక్క. వద్దన్నది, చిన్నక్క.

దాని కింద ఇంకొకటి ఉంది. వద్దన్నది... పేరుండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ.

ముగ్గురక్కలు. నాలుగు ఓట్లు.

జట్టులో ఎవరెవరున్నారో చూపించమని కొట్టింది. ముగ్గురే. మళ్ళీ కొట్టింది. ముగ్గురే. గోడలు చూసింది, చట్రం వెనక చూసింది, పైకప్పు చూసింది. మూడు యంత్రాలు, మూడు కేబుళ్ళు. మూలన పాత స్టూలు ఒకటి, ఫిల్ములున్న కాలం నాటిది. ఎవరూ పారేయలేదు. ఎవరూ కూర్చోనూ లేదు.

ఆ నాలుగో ఓటును తీసెయ్యాలంటే ఒక్క కమాండ్ చాలు. ఆవిడ కొట్టలేదు. లాప్‌టాప్ మూసేసింది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఆ స్టూలు వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. కదలకపోతే ఎవరూ లేరనుకునే ఆ లైటు... టప్పున ఆరింది.

చీకట్లో, నిలబడ్డచోటే, రెప్ప కూడా కదపకుండా, గుండెల్లోంచి అంది...

"చూశాం తాతా. బొమ్మ చూసే ఇచ్చాం."

ఆవిడ కదల్లేదు.

లైటు వెలిగింది.